జపనీస్‌కి వెళ్ళి ఎత్తుకొచ్చిన పిల్ల

మొన్న మంగళవారం నేను జపనీస్ మాట్లాడ్డం నేర్చుకుందామని బయల్దేరి, చంటిపిల్లని ఎత్తుకుని ఇంటికొచ్చాను. కంగారుపడకండి. టీ తాగుతూ వినండి, అన్నీ వరసగా చెప్తాను. వరసగా చెప్పగలుగుతున్నందుకే నాకు సగం సంతోషం. ఎందుకో మీకే తెలుస్తుంది.

నేను పెళ్ళై విజయనగరం వైపు నుంచి భిలాయి వచ్చి నలభై ఆరేళ్ళయింది. మా ఆయన ఇక్కడి స్టీలు ప్లాంటులో, రైల్ మిల్లులో చేసి రిటైరయ్యారు. సెక్టర్ 7లో ఉంటాం. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మిగతాదంతా లైబ్రరీ పుస్తకాల్లో నాకు నేనే చదువుకున్నాను. ఏ పుస్తకంలో ఏ పేజీలో ఏముందో చెప్పగలనని ఒకప్పుడు కొంచెం పొగరు కూడా ఉండేది.

ఆ పొగరు ఉగాది మీటింగులో దిగిపోయింది. మా తెలుగువాళ్ళ సంఘం వాళ్ళు, "మీ ఎదురింటావిడ ఈసారి పాట పాడతారు, మీరే అందరికీ పరిచయం చెయ్యండి" అన్నారు. ముప్ఫై ఏళ్ళుగా మా ఎదురింట్లో ఉంటున్న మనిషి. పచ్చళ్ళు ఇచ్చిపుచ్చుకున్నాం. మైకు పట్టుకున్నాక ఆవిడ పేరు రాలేదు. మనిషి కనబడుతోంది, చీర రంగు కనబడుతోంది, పేరు మాత్రం లేదు. చివరికి, "ఈవిడ... మా ఎదురింటావిడ. ఇప్పుడు పాడతారు" అని మైకు ఇచ్చేసి కూర్చున్నాను. అందరూ జోకనుకుని నవ్వారు. మా అమ్మాయి సుజాత నవ్వలేదు.

సుజాత పక్కూరు దుర్గ్‌లో ఉంటుంది, అక్కడే ఆఫీసులో పని. మర్నాడే వచ్చి కూర్చుంది.

"అమ్మా, ఒకసారి డాక్టరుకి చూపించుకుందాం. మరుపుకి టెస్టులుంటాయంట."

మా అప్ప, అంటే మా అక్క, బొబ్బిలిలో ఉండేది. మొదట దానికీ పేర్లే పోయాయి. ఆఖరుసారి నేను వెళ్తే మంచినీళ్ళిచ్చి, మర్యాదగా, "మీదే ఊరమ్మా?" అని అడిగింది. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. టెస్టు చేయించుకుంటే అదే నాకూ ఉందంటారని భయం.

అందుకని బేరం పెట్టాను. "ఎక్కడో చదివేను సుజాతా, కొత్త భాష నేర్చుకుంటే బుర్ర పాడవదంట. నాకు మూడు నెలలు టైమియ్యి. కొత్త భాష మాట్లాడి చూపిస్తాను. రాకపోతే నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను."

"ఏ భాష?"

"జపనీస్" అనేశాను.

అది ఊరికే నోట్లోంచి ఊడిపడ్డ మాట కాదు. సుజాత కూతురు మినీకి పదమూడేళ్ళు. ఆదివారాలు మా ఇంటికొచ్చి జపాన్ కార్టూన్లు చూస్తుంది. దానికి తెలుగు కన్నా హిందీ బాగా వచ్చు. అమ్మమ్మా అనవే అంటే నానీ అంటుంది. ఓరోజు నేను వంటింట్లో దోసెలు పోస్తుంటే, "నానీ!" అని కేక. "ఏటమ్మా, వస్తన్నా" అని వచ్చాను. మినీ ఏమీ ఎరగనట్టు టీవీ చూస్తోంది. వెనక్కి వెళ్ళాను. మళ్ళీ "నానీ!" మళ్ళీ వచ్చాను. మూడోసారికి దోసె మాడింది. అప్పుడు తెలిసింది, పిలిచింది మినీ కాదు, కార్టూన్లో కుర్రాడు. జపనీస్‌లో 'నాని' అంటే 'ఏటి?' అని అర్థమట.

ఒక మాట అప్పుడే వచ్చేసింది కదా, మిగతావి నేర్చుకుంటే సరి అనుకున్నాను.

మా ఆయన ఒప్పుకోలేదు. "జపనీసేటే? రష్యన్ నేర్చుకో, నేను చెప్తాను" అన్నారు. కుర్రతనంలో ప్లాంటులో రష్యా ఇంజనీర్ల దగ్గర ఆయన నేర్చుకున్నవి మూడు మాటలు. ఆ మూడూ మొదటి రోజు టిఫిను తినేలోగా అయిపోయాయి.

ఇక కోర్సు ఎంచుకోవడం. అదే పెద్ద కోర్సు. ఈమధ్య నేను అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను కదా, అందులో గళ్ళు గీసి మరీ చూశాను. ముందు ఫోన్లో వచ్చే కోర్సు. బొమ్మలు చూపించి మాటలు చెప్తుంది. 'హై' అంటే అవును అని అందులోనే నేర్చుకున్నాను. బాగానే ఉందనుకుంటే, రెండు రోజులు తెరవకపోయేసరికి ఫోను టింగుమంది. 'మమ్మల్ని మరిచిపోయారా?' అని రాసుంది. ఇంట్లో ఒకళ్ళు అడుగుతున్నది చాలదా? దాన్ని తీసేశాను.

తర్వాత ఆన్‌లైన్ క్లాసు, పూణే మాస్టారు. ఉచితంగా ఒక క్లాసు చూడనిచ్చారు. మంచి మనిషి. జపనీస్‌లో క్రియ మన తెలుగులోలాగే వాక్యం చివర్న వస్తుందని చెప్తే మా చుట్టాల భాషేమో అనిపించింది. "చంటిపిల్లలా నేర్చుకోండి. ముందు వినండి, చూడండి, చెయ్యండి. మాటలు వాటంతటవే వస్తాయి" అన్నారు. అది నోటుబుక్కులో రాసుకుని కింద గీత గీశాను. ఆ గీతే నా కొంప ముంచింది. కానీ ఆయన కోర్సులో మూడు రకాల లిపులు రాయాలట. తెలుగు, హిందీ, ఇంగ్లీషు అక్షరాలే నా సరుకుల చీటీలో ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, ఇంకో మూడింటికి చోటెక్కడ? నాకు కావల్సింది మాట్లాడ్డం. ఎదురుగా మనిషి ఉండాలి, మాట అనాలి, తప్పయితే దిద్దాలి.

అలాంటి సమయంలో ఈ-రిక్షాలో మా ఊళ్ళోనే క్యాంప్ 2 అనే పేట మీదుగా వస్తుంటే ఒక మేడ మెట్ల దగ్గర ఫ్లెక్సీ కనబడింది. పైన పెద్దక్షరాల్లో హిందీలో 'జాపా'. అక్కడితో ఫ్లెక్సీ చివర కరెంటు స్తంభానికి చుట్టేసి ఉంది. 'న్' అనే అక్షరం స్తంభం వెనక్కి పోయిందని నాకు నేనే తీర్మానించుకున్నాను. కింద మూడు నెలల కోర్సు, దేశవిదేశాల్లో ఉద్యోగాలు అని ఉంది. జుట్టు ముడేసుకున్న ఒకావిడ నవ్వుతున్న ఫోటో, మిగతా బొమ్మకి ఎవరిదో స్కూటరు అడ్డం. మూడు నెలలు. సుజాత ఇచ్చిన గడువూ అంతే. ఇంకేం కావాలి?

"క్యాంప్ 2లో జపనీసా?" అన్నారు మా ఆయన.

"ఏం, ఉండకూడదా? రష్యావాళ్ళు ఇంతదూరం వచ్చి ప్లాంటు కట్టగా లేంది, జపాన్ వాళ్ళు మేడ మీద క్లాసు పెట్టుకోకూడదా?" అన్నాను. ఆయన పేపరు తిప్పేశారు.

మంగళవారం మధ్యాహ్నం, అడగాల్సినవన్నీ చీటీ మీద రాసుకుని వెళ్ళాను. గుమ్మంలోనే చెప్పులు విప్పమన్నారు. జపాన్‌లోనూ అంతేనని మినీ చెప్పింది. లోపల కుర్చీల్లేవు, పదిమంది ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. జపాన్‌లోనూ అంతే. అసలైన చోటికే వచ్చానని ధైర్యం వచ్చింది.

నేర్పే ఆవిణ్ణి అందరూ కమలా దీదీ అంటున్నారు. నలభై ఏళ్ళుంటాయి, గట్టి మనిషి. నేను చీటీ తీశాను. మా మాటలు హిందీలోనే, మీకు తెలుగులో చెప్తాను. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. నాకు ముందు పళ్ళు రెండు లేవు. నేను 'జాపాన్' అన్నప్పుడల్లా ఆ చివరి 'న్' ఆ సందులోంచి జారిపోయి ఉంటుంది.

"ఇక్కడ రాయడం కూడా ఉంటుందా?"

"రాయడం, చదవడం ఏమీ లేదమ్మా. చేసి చూపిస్తాం, చేయిస్తాం."

"మీరు జాపాన్ వెళ్ళారా?"

"చాలాసార్లు. మొన్ననే నలభై రోజులుండి వచ్చాను."

నలభై రోజులు. పూణే మాస్టారు కూడా వారమే ఉన్నాట్ట.

"తిండి ఎలా ఉంటుందండీ?"

"కారం ఉండదు. పులుపు ఉండదు. చప్పగా ఉంటుంది, అలవాటైపోతుంది."

"మరి మాటలు ఎన్నాళ్ళకి వస్తాయి?"

ఆవిడ నన్ను కాస్త వింతగా చూసింది. "మాటలా? ఏడాదికి ఒకటో రెండో. కొందరికి ఏడాదిన్నర పడుతుంది. అంతవరకూ ఏడుపే కదా."

ఎంత నిజాయితీ గల మనిషి అనుకున్నాను. బయట అందరూ నెలలో గడగడా మాట్లాడిస్తామంటున్నారు. కానీ నా గడువు సంగతో?

"మూడు నెలల్లో ఏదీ రాదా?"

"మూడు నెలలకి మెడ నిలుస్తుంది" అంది.

నేను ఆలోచించాను. జపాన్ వాళ్ళు మాటమాటకీ వంగి దండం పెడతారు కదా, దానికి మెడ ప్రాక్టీసు కాబోలు. చీటీ మీద 'మెడ, 3 నెలలు' అని రాసుకున్నాను.

ఇంతలో ఆవిడ బుట్టలోంచి చంటిపిల్లంత రబ్బరు బొమ్మని తీసి నా చేతిలో పెట్టింది. అసలు పిల్లంత బరువుంది. నేను ఒక్క క్షణం కూడా అనుమానపడలేదు. చంటిపిల్లలా నేర్చుకోమన్నారుగా పూణే మాస్టారు. ఈవిడ ఏకంగా చంటిపిల్లనే ఇచ్చింది. ఇది ఆయన కోర్సు కన్నా పై తరగతి అన్నమాట.

ఒకమ్మాయిని, రుక్మిణి అని, లేపి బొమ్మకి స్నానం చేయించమన్నారు. ఆ పిల్ల టబ్బు ముందు నిలబడి, బొమ్మని రెండు చంకల కిందా పట్టుకుని ఎత్తింది. బొమ్మ తల వెనక్కి వేలాడిపోయింది. ఇక నా వల్ల కాలేదు.

"మెడ, మెడ పట్టుకో తల్లీ" అని తెలుగులో అరిచి లేచిపోయాను. "ఇలాగియ్యి."

చీర కాస్త పైకి దోపి, కింద కూర్చుని, కాళ్ళు బారచాపి, బొమ్మని కాళ్ళ మీద పడుకోబెట్టుకున్నాను. ముగ్గురు తోడికోడళ్ళకీ, ఇద్దరు మరదళ్ళకీ, మా సుజాతకీ పురుళ్ళు పోసిన కాళ్ళు ఇవి. నూనె ఎక్కడ మొదలెట్టాలి, మాడు ఎలా అదమాలి, బోర్లా తిప్పినప్పుడు గడ్డం కింద వేలు ఎలా ఉండాలి, కళ్ళలో నీళ్ళు పడకుండా నుదుటి మీద చెయ్యి ఎలా అడ్డం పెట్టాలి, సాంబ్రాణి పొగ ఎంత దూరం నుంచి వెయ్యాలి... నేను చెప్తున్నాను, చేతులు నాకన్నా ముందు వెళ్తున్నాయి. అమ్మాయిలందరూ చుట్టూ చేరారు.

"నానీ, బాలింతకి ఏం పెట్టాలి?" అంది రుక్మిణి.

నాకు ఒళ్ళు పులకరించింది. మొదటి జపనీస్ మాట. 'ఏటి' అని అడుగుతోంది. "హై" అన్నాను, నాకొచ్చిన రెండో మాట వాడేస్తూ. తర్వాత హిందీలో కాయం ముద్ద సంగతి చెప్పాను. శొంఠి, పిప్పళ్ళు, మోడి, మిరియాలు, వాము, జీలకర్ర, లవంగాలు, జాజికాయ, జాపత్రి, బెల్లం, నెయ్యి. పదకొండూ, వరస తప్పకుండా, ఏది వేయించాలో ఏది వేయించకూడదో సహా. కొన్నింటికి హిందీ పేర్లు కూడా తోసుకుంటూ వచ్చాయి. ఇద్దరు అమ్మాయిలు ఫోన్లలో రికార్డు చేసుకున్నారు.

"నానీజీ, మీకు మేం నేర్పేదేముంది?" అంది కమలా దీదీ.

"అలా అనకండి. ఇంతకీ జపనీస్ ఎప్పుడు మొదలెడతారు?"

"ఏ జపనీస్?"

నేను కిటికీలోంచి ఫ్లెక్సీ వైపు చూపించాను. ఆవిడకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

"ఇది జాపాన్ కాదు నానీజీ, జాపా. పురుడయ్యాక తల్లినీ బిడ్డనీ చూసుకోవడం. ఆ పనికి ఆయాలని తయారుచేస్తాం."

"అంటే జచకీ?" అన్నాను. ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లో అందరూ అనే మాట అదే. నలభై ఆరేళ్ళుగా నేను విన్నదీ అదే.

"అదే. ఢిల్లీ వైపు జాపా అంటారు. అక్కడ ఉద్యోగాలిప్పిస్తాం కదా, అందుకని అలా రాయించాం."

అమ్మాయిలు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. అంతలో సుజాత గుర్తొచ్చింది. సుజాత మంగళవారాలు ఆఫీసయ్యాక టీకి వస్తుంది. కోర్సు ఎంచుకోమంటే ఆయాల స్కూల్లో చేరబోయానని తెలిస్తే, మూడు నెలలు కాదు, మూడు రోజులు కూడా ఆగదు. వెళ్ళిపోతానంటే, "ఒక్కసారి గుడ్డలో చుట్టడం చూపించండి" అని పట్టుకున్నారు. నా భుజం మీది పాత కాటన్ శాలువతోనే చుట్టి, భుజాన వేసుకుని, జో కొడుతూ చూపించాను. గడియారం చూస్తే అయిదు. చెప్పులేసుకుని గబగబా మెట్లు దిగి ఈ-రిక్షా ఎక్కేశాను.

పక్కనున్నావిడ సర్దుకుని చోటిచ్చి, మెల్లిగా అడిగింది. "ఎన్ని రోజుల పిల్లమ్మా?"

అప్పుడు చూసుకున్నాను నా భుజం.

వెనక్కి వెళ్దామంటే సెంటరు అయిదింటికి మూసేస్తారు. పైగా ఆవిడ ఎదురుగా నేను శాలువ తీసి రబ్బరు బొమ్మని చూపించలేను. "ఇరవై రోజులు" అన్నాను. "ఏడవదే, బంగారు తల్లి" అందావిడ.

ఇంటికొచ్చేసరికి మా ఆయన పడక్కుర్చీలో కునుకు తీస్తున్నారు. బొమ్మని బీరువాలో పట్టుచీరల మధ్య పడుకోబెట్టి తలుపేశాను. అయిదు నిమిషాల్లో సుజాత వచ్చింది.

"క్లాసు బాగుందామ్మా?"

"బాగుంది."

"ఏటి నేర్చుకున్నావు?"

"ముందు మెడ నిలపాలంట" అన్నాను టీ పోస్తూ.

ఫోను మోగింది. నాకు చెవులు కాస్త తక్కువ కదా, ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది. కమలా దీదీ గొంతు ఇల్లంతా వినబడింది.

"నానీజీ, బచ్చా ఆప్‌కే పాస్ హై క్యా? ఇక్కడ అందరూ వెతుకుతున్నారు."

సుజాత చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. మా ఆయనకి మెలకువ వచ్చింది.

"నా దగ్గరే ఉంది, రేపు పొద్దున్నే తెచ్చిచ్చేస్తాను" అని ఫోను పెట్టేశాను.

"అమ్మా" అంది సుజాత, చాలా నెమ్మదిగా, పిచ్చికుక్కతో మాట్లాడినట్టు. "ఎవరి పిల్లని తెచ్చేవమ్మా?"

"ఎవరిదీ కాదు."

"పిల్ల ఎక్కడుంది?"

"బీరువాలో."

"తలుపేసేసేవేటే?" అన్నారు మా ఆయన, లేస్తూ.

సుజాత పరిగెత్తింది. బీరువా తలుపు తీసిన చప్పుడు. ఇక దాచడానికి ఏం మిగిలింది? వెళ్ళి మంచం మీద కూర్చుని మొదట్నుంచీ చెప్పాను, స్తంభం, చెప్పులు, మెడ, అన్నీ. సుజాత బొమ్మని ఒళ్ళో పెట్టుకుని వింది. మెడ దగ్గరికి వచ్చేసరికి దానికి నవ్వు మొదలై ఆగలేదు, కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ఆ నీళ్ళన్నీ నవ్వువే అని నేననుకోలేదు.

"జాపా అంటే నాకూ తెలీదమ్మా. ఇక్కడే పుట్టేను, ఎప్పుడూ వినలేదు" అంది చివరికి. "ఇది మరుపు కాదు. తెలీకపోవడం."

"మరి పిల్లని ఎత్తుకొచ్చేసేను?"

"అదేటంటావు?"

"భుజాన పిల్ల పడుకుంటే దింపడం నాకెప్పుడూ అలవాటు లేదు. నువ్వూ రెండేళ్ళు దిగలేదు."

సుజాత బొమ్మ శాలువ సర్దింది. "కాయంలో దినుసులు మళ్ళీ చెప్పు, రాసుకుంటాను. మినీ పుట్టినప్పుడు పెట్టేవు, అవేనా?"

చెప్పాను. పదకొండూ. మధ్యలో అది కావాలనే, "జాపత్రి ముందా, జాజికాయ ముందా?" అని తికమక పెట్టింది. పడలేదు.

ఈ నవ్వులకి ఎదురింటావిడ ఏమైందోనని గుమ్మంలోకి వచ్చారు. "రండి అన్నపూర్ణ గారూ, మా ఇంట్లో పిల్ల పుట్టింది" అన్నాను. అన్నాక సుజాత నా వైపు చూసింది. నేను చూడనట్టు టీ పెట్టడానికి లేచాను.

"డాక్టరు సంగతేటి మరి?" అంది వెనకే వచ్చి.

"వస్తానులే. వచ్చేవారం తీసుకెళ్ళు. దినుసుల గురించి కూడా ఒక ప్రశ్న అడగమను."

మర్నాడు పిల్లని అప్పగించడానికి వెళ్తే కమలా దీదీ వారానికి రెండు రోజులు వచ్చి నేర్పమంది. ఒప్పుకున్నాను. రిజిస్టర్లో పేరు అడగలేదు, తనే 'నానీజీ' అని రాసేసుకుంది. జపనీస్ ప్రస్తుతానికి వాయిదా.

ఆదివారం మినీ వచ్చి, "నానీ, ఇంతకీ నీకు జపనీస్‌లో పేరైనా చెప్పడం వచ్చిందా?" అని వెక్కిరించింది.

"ఎందుకు రాలేదే? క్యాంప్ 2లో రిజిస్టర్లో కూడా ఎక్కింది. నా పేరు నానీ" అన్నాను. "జపనీస్‌లో దానర్థం 'ఏటి?' అని. రోజుకి ఇరవైసార్లు నేననే మాట అదే కదా. డెబ్భై ఏళ్ళకి నాకు సరిపోయే పేరు దొరికింది."